ముక్కు మేస్త్రి

మా బావంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ నన్ను మొహమాటపెట్టరు. అక్కని చేసుకున్నాడు కాబట్టి బావ అంటున్నాను గానీ, మా వీధుల్లో ఆయన్ని అందరూ పిలిచే పేరు ముక్కు మేస్త్రి. ఆయనకి కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. బండి వచ్చి ఆగితే బానెట్ ఎత్తకముందే, పానా పట్టకముందే, తలుపు తీసి తల లోపలికి పెట్టి ఒక్కసారి గాలి పీల్చి రోగం చెప్పేవాడు. తియ్యటి వాసన వస్తే రేడియేటర్ నీళ్ళు లోపలెక్కడో కారుతున్నాయనేవాడు. కాగితం కాలిన వాసన వస్తే క్లచ్ ప్లేటు పోయిందనేవాడు. చెప్పింది చెప్పినట్టు తేలేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒకసారి ఒక పెద్దమనిషి పాత కారు కొనుక్కుని, భార్యని పక్కన కూర్చోబెట్టుకుని, మురిసిపోతూ తెచ్చాడు. మా బావ వెనక తలుపు తీసి వాసన చూసి, ఇది వరదలో మునిగిన బండి, అమ్మినవాడు నిన్ను నిలువునా ముంచాడు అని ఆవిడ ముందే తేల్చేశాడు. నిజమే. చెవిలో చెప్పినా అది నిజమే అయ్యుండేది. కానీ ఎదుటివాళ్ళ మొహం మాడిపోతే తప్ప ఆయనకి పని చేసినట్టు ఉండదు. కొందరికి కోపం ముక్కు మీద ఉంటుందంటారు, ఈయనకి గర్వం కూడా అక్కడే కాపురం పెట్టింది.

ఆ ముక్కు ఎలా అబ్బిందో అక్క నాకు చెప్పింది. కుర్రతనంలో ఆయన పని నేర్చుకున్న చోట, బండి కిందకి దిగి పనిచేసే గొయ్యి ఒకటి ఉండేదట. అక్కడి పెద్ద మేస్త్రి కరెంటు దండగని గోతిలో దీపం వెయ్యనిచ్చేవాడు కాదట. చీకట్లో కళ్ళు పనికిరాక, పైనుంచి కారేది నీళ్ళో నూనో పెట్రోలో వాసన పట్టి పోల్చుకోవడం అలవాటైందట. ఈ కథ చెప్పేటప్పుడు అక్క కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఆ పెద్ద మేస్త్రి ఒక్క బల్బు పెట్టి ఉంటే మా అందరి ప్రాణాలూ హాయిగా ఉండేవి కదా అని నాకనిపిస్తుంది.

పెట్రోలుకి సంబంధించిన పని ఏది చేసినా చివర్లో ఆయన పరీక్ష ఒక్కటే. అద్దాలన్నీ ఎక్కించి, తలుపులు వేసుకుని, వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. కాసేపటికి దిగి చేతులు తుడుచుకుంటే పని అయిపోయినట్టు. ఎదురు షెడ్డువాళ్ళు ట్యాంకు నింపి, బండి ఒక చుట్టు తిప్పి తెచ్చి, ఎక్కడైనా చెమ్మ ఉందేమోనని వేలితో చూస్తుంటే, ముక్కు లేనివాళ్ళు అలాగే తడుముకోవాలి పాపం అని వాళ్ళకి వినిపించేలా అనేవాడు.

ఇక నా సంగతి. నేను మొగుణ్ణి వదిలేసి వచ్చి, డ్రైవింగ్ నేర్చుకుని, ఒక పాత కారు కొనుక్కుని అద్దెకి తిప్పుకుంటున్నదాన్ని. నేర్చుకునే రోజుల్లో ఒకసారి షెడ్డు ముందే బ్రేకు ఆలస్యమై ఖాళీ డ్రమ్ముని గుద్దేశాను. చుట్టూ పదిమంది ఉన్నారు.

"బండికి వెయ్యడం చేతకాలేదు గానీ, కాపురానికి మాత్రం బాగానే వేసింది బ్రేకు" అన్నాడు మా బావ.

పదిమందీ పగలబడి నవ్వారు. టీ గ్లాసులు కడుగుతున్న అక్క తల ఎత్తలేదు. ఆ నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోను. ఆయన్ని అడిగితే మాత్రం, నేనలా ఎప్పుడన్నాను అంటాడు.

అయినా బండి చెడితే ఆ గుమ్మమే తొక్కాలి. వేరేచోటికి వెళితే అక్క నాలుగు రోజులు అన్నం మానేస్తుంది. పోయిన వానల్లో పెట్రోలు పంపు చెడిపోయి బండి మొరాయిస్తే ఆయనే కొత్తది వేశాడు. నా బండిలో ఆ పంపు వెనక సీటు కింద, ట్యాంకు లోపల ఉంటుంది. సీటు మెత్త ఎత్తి, రేకు విప్పి, పంపుని పట్టి ఉంచే మూత తీసి మార్చాలి. పొద్దుటి నుంచి వంగి మార్చాడు. వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. దిగి చేతులు తుడుచుకున్నాడు. అప్పట్లో నేను పెట్రోలు ఎప్పటికప్పుడు కొంచెం కొంచెం పోయించుకునేదాన్ని. కొన్నాళ్ళు ఏ గొడవా లేదు.

తర్వాత నాకొక మంచి పని కుదిరింది. కిడ్నీలు పాడై, రక్తం శుభ్రం చేయించుకోవడానికి రోజు విడిచి రోజు ఆస్పత్రికి వెళ్ళే ముగ్గుర్ని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి దింపాలి. పెట్రోలు ఆస్పత్రివాళ్ళే పోయిస్తారు, ట్యాంకు నిండా. ముగ్గురిలో ఒకావిడ రిటైరైన లెక్కల టీచరమ్మ. కొడుకు ఆవిణ్ణి నడిపించుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టి, కిటికీలోంచి వంగి తల కింద దిండు సర్దేవాడు. వాడి వేళ్ళ మధ్య ఎప్పుడు చూసినా సిగరెట్ వెలుగుతూ ఉండేది.

ఆ పని మొదలైన వారంలోనే బండిలో పెట్రోలు కంపు మొదలైంది. ముందు కూర్చున్న నాకు కొంచెం, వెనక కూర్చున్నవాళ్ళకి బాగా. ట్యాంకు నింపిన రోజు ముక్కు పగిలిపోయేది, రెండు మూడు రోజులకి తగ్గేది, మళ్ళీ నింపితే మళ్ళీ మామూలే. టీచరమ్మకి అసలే కడుపులో తిప్పుతూ ఉంటుంది. ఒకరోజు ఫ్లైఓవర్ ఎక్కుతుండగా నా సీటు వెనకాలే వాంతి చేసుకుంది. నేను శుభ్రం చేస్తుంటే ఆవిడే నాకు క్షమాపణ చెప్పింది. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే మా బావ మీద ఒళ్ళు మండింది.

షెడ్డుకి తీసుకెళితే ఆయన తల లోపలికి పెట్టి పీల్చి, పెట్రోలు పోసే మూత వదులైంది అని కొత్త మూత వేశాడు. తగ్గలేదు. రెండోసారి ఇంజను దగ్గర గొట్టం చిట్లింది అని అది మార్చాడు. తగ్గలేదు. మూడోసారి వెళితే బండి వైపు కూడా రాలేదు. బంకులో గొంతుదాకా పోయించుకుంటే ఒలక్క ఏం చేస్తుంది, నీ ఆశే కంపు కొడుతోంది అన్నాడు. ఆ మాటకి బెంచీ మీద కూర్చున్నవాళ్ళు మళ్ళీ నవ్వారు. నేను బండి వెనక్కి తిప్పుతూ కావాలనే ఆయన టూల్సు పెట్టె మీదకి చక్రం ఎక్కించాను.

అక్క సంగతి తర్వాత చూసుకోవచ్చని తిన్నగా ఎదురు షెడ్డుకి వెళ్ళాను. అక్కడి మేస్త్రి కుర్చీలోంచి లేవకుండానే, మీ బావ చెయ్యి పడిన బండి మేం ముట్టుకోం, ముక్కు లేనివాళ్ళం కదా అన్నాడు. ఇంకో రెండు చోట్లా ఇదే వరస. ఇన్నేళ్ళూ ఆయన నోరు పారేసుకుంటే దానికి శాస్తి నా నెత్తిన పడింది. ఇటు ఆస్పత్రిలో బండ్ల వ్యవహారం చూసే గుమాస్తా పిలిచి, ఇంకొక్కసారి పేషెంట్ల నుంచి ఫిర్యాదు వస్తే వేరే బండి పెట్టుకుంటామన్నాడు. ఆ పని పోతే నేను మళ్ళీ పుట్టింటి గుమ్మమో మొగుడి గుమ్మమో వెతుక్కోవాలి. రెండింటికంటే నా కారులో పడుకోవడం నయం.

ఆ సాయంత్రం అటో ఇటో తేల్చుకుందామని అక్క ఇంటికి వెళ్ళాను. మెట్ల మీదే గ్యాసు కంపు గుప్పుమంది. లోపలికి వెళ్ళి చూస్తే, వంటింట్లో స్టవ్వు మీద పాలు పొంగి మంట ఆరిపోయి ఉంది. గ్యాసు బుస్సుమని వస్తూనే ఉంది. దానికి చేతికందేంత దూరంలో మా బావ పీట మీద కూర్చుని ఏదో బండి సామాను తుడుచుకుంటున్నాడు. నేను చూస్తుండగానే తల తిప్పి, మంట లేదని కనిపెట్టి, విసుక్కుంటూ లేచి, లైటర్ అందుకున్నాడు.

ఎలా దూకానో నాకు తెలియదు. ఆయన మణికట్టు పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కాను. లైటర్ కింద పడింది. స్టవ్వు కట్టేసి, కిటికీలన్నీ తెరిచాను. ఆయన మాత్రం, మరదలు తన చెయ్యి ఎందుకు గీరిందా అన్నట్టు చూస్తున్నాడు. ఆ చూపులో నాకంతా అర్థమైంది.

"నీకు వాసన రాదు" అన్నాను.

పిచ్చి వాగుడు వాగకు అన్నాడు. స్టవ్వు పక్కన మాడిన పాలు చూపించి, ఇది ఎప్పుడు మాడిందో చెప్పు అన్నాను. నీళ్ళు నమిలాడు. మా బావ నీళ్ళు నమలడం నేను చూడటం అదే మొదలు. పోయిన ఏడు ఆయనకి వారం రోజులు పెద్ద జ్వరం వచ్చింది. ఆ తర్వాత కూరలకి వంకలు పెట్టడం మానేశాడు. మనిషి మారాడని అక్క చెబితే నేనూ నమ్మాను. మారింది మనిషి కాదు. ఏడాదిగా మా బావ బండ్లలోకి తల పెట్టి ఉత్త గాలి పీల్చి, నోటికొచ్చింది చెబుతున్నాడు. పాత అనుభవం కొద్దీ సగం నిజమయ్యేవి. మిగతా సగం ఏమయ్యాయో నా వెనక సీట్లో కూర్చున్నవాళ్ళని అడగాలి.

మేడ మీద నుంచి ఆరిన బట్టలు పట్టుకుని అక్క దిగింది. తెరిచిన కిటికీలు, మా ఇద్దరి మొహాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఏమైంది అని అడగలేదు. అంటే ఆవిడకీ తెలుసు.

ఎవరితోనైనా అన్నావంటే ఈ గుమ్మం తొక్కనివ్వను అన్నాడు మా బావ. గుమ్మం కాదు, నీ షెడ్డు ముందే నిలబడి ఎదురు షెడ్డువాళ్ళకి వినిపించేలా చెబుతాను, ముందు నా బండి బాగుచెయ్యి అన్నాను. ఆయన తన మణికట్టు మీద గోళ్ళ గాట్లు చూసుకున్నాడు.

"రేపు ట్యాంకు నిండా పోయించుకుని రా" అన్నాడు. "ముక్కు నీది. పని నాది."

మర్నాడు షెడ్డు తలుపు సగం దించి, టీ స్టవ్వు ఆర్పించి, బ్యాటరీ వైరు పీకి మొదలుపెట్టాడు. నన్ను పెట్రోలు పోసే మూత దగ్గర వంగమన్నాడు. పచ్చి పెట్రోలు వాసనా, కాలిన పెట్రోలు వాసనా అని అడిగాడు. కొంచెం పచ్చిది అన్నాను. కొంచెం అంటే ఎంత, వంటింట్లో కూర్చుంటే పడగ్గదిలో వచ్చేంతా, పక్కన కూర్చుంటే వచ్చేంతా అని గదమాయించాడు. ప్రతిచోటా పీల్చాక బయటికి తరిమి, రోడ్డు మీద నాలుగుసార్లు ఊపిరి తీసుకుని రమ్మనేవాడు. ఒకే వాసనలో నిలబడితే ముక్కు మొద్దుబారిపోతుందట. ఇంజను దగ్గర రాలేదు. చక్రాల దగ్గర బండి కింద పడుకుంటే రాలేదు. నా చొక్కా నిండా నూనె మరకలు. నోరు మూసుకుని పీల్చు, నోటితో వాసన రాదు అని మధ్యమధ్య చీవాట్లు. అన్నీ పడ్డాను. ఆయన మీద కసి కొద్దీ ఇంకా గట్టిగా పీల్చాను.

వెనక సీటు మెత్త ఎత్తగానే నేను తల వెనక్కి తీసుకున్నాను. అడగకుండానే ఆయనకి తెలిసిపోయింది. రేకు మరలు విప్పాడు. పంపుని పట్టి ఉంచే మూత చుట్టూ పేరుకున్న దుమ్ము ఒక పక్క పొడిగా తెల్లగా ఉంది, ఇంకో పక్క తడిసి నల్లగా ఉంది. మా బావ ఆ నల్లటి చోట వేలు పెట్టి, పైకి తీసి, వెలుతురులో పట్టుకుని చూశాడు. ఎదురు షెడ్డువాళ్ళు చూసే పద్ధతి అది. ఎత్తిపొడుద్దామని నోటిదాకా వచ్చింది గానీ ఆయన మొహం చూసి ఆపుకున్నాను, జాలితో కాదు, పని ఆగిపోతుందని.

ట్యాంకులోంచి సగం పెట్రోలు తోడి బయటపెట్టి మూత తీశాడు. మూత కింద, ట్యాంకు అంచు మీద కూర్చునే రబ్బరు రింగు ఉంటుంది. అది పెట్రోలు తాగి ఉబ్బి, ఒకచోట మెలిపడి, మూత కింద నలిగిపోయి ఉంది. ట్యాంకు సగమే ఉన్నప్పుడు పెట్రోలు అక్కడిదాకా రాదు. నిండా ఉండి బండి ఎత్తు ఎక్కితేనో, గట్టిగా బ్రేకు వేస్తేనో ఆ సందులోంచి చిమ్ముతుంది. దాని మీదే ఆ ముగ్గురూ కూర్చుంటున్నారు. దాని మీదకే టీచరమ్మ కొడుకు సిగరెట్ పట్టుకుని వంగుతున్నాడు.

పంపు మార్చేటప్పుడు కొత్త రింగు వెయ్యాలట. ఆ రోజు సామాన్ల కొట్టు మూసి ఉందని పాతదే మళ్ళీ కూర్చోబెట్టాడట. కారితే వాసన పట్టేస్తాను కదా, అప్పుడు విప్పొచ్చులే అనుకున్నాడట. ముప్ఫై ఏళ్ళుగా అలాగే నెట్టుకొచ్చాడు. ముక్కు పోయినా అలవాటు పోలేదు.

అప్పుడే భోజనం క్యారియర్ పట్టుకుని అక్క వచ్చింది. మా బావ నేల మీద కూర్చునే ఆ రింగు ఎత్తి చూపించాడు.

"ఆ రోజు నిన్ను ఈ సీట్లో కూర్చోబెట్టి అడిగాను. వాసన రావట్లేదన్నావు."

అక్క క్యారియర్ కింద పెట్టింది. కొంగు చేతికి చుట్టుకుంది.

"కొంచెం వచ్చింది" అంది. "పొద్దుటి నుంచి నడుం పట్టుకుని ఆ సీటు మీదే వంగి ఉన్నారు. మళ్ళీ విప్పమని నేనెలా చెప్పను?"

అనాల్సినవన్నీ నేనే అన్నాను. నీ మొగుడి నడుం నొప్పికి నా బండిలో ముగ్గురు రోగుల్ని తగలబెట్టేదానివి అన్నాను. నీ ప్రేమ నీ ఇంట్లో పెట్టుకో అన్నాను. అక్క ఏడ్చింది. నేను ఆపలేదు. ఇన్నాళ్ళూ కోపమంతా ఆయన ఒక్కడి మీదే ఖర్చుపెట్టి అక్కకి ఏమీ మిగల్చలేదని అప్పుడు తెలిసింది.

కొత్త రింగు తెచ్చి, అంచు గుడ్డతో శుభ్రంగా తుడిచి, వేలితో చుట్టూ తడిమి తడిమి కూర్చోబెట్టాడు. మూత బిగించాక ట్యాంకు నిండా పోయించాం. నేను నడిపాను, ఆయన వెనక కూర్చున్నాడు. ఫ్లైఓవర్ ఎక్కి దిగి, దారిలో గట్టిగా బ్రేకులు వేసి వచ్చాను. ఒక బ్రేకు పనికి అవసరమైనదానికన్నా గట్టిగానే వేశాను, ఆయన తల ముందు సీటుకి కొట్టుకుంది. షెడ్డులోకి వచ్చాక అద్దాలెక్కించి, నన్ను కూడా వెనక సీట్లోకి రమ్మన్నాడు. పక్కపక్కన కూర్చున్నాం. ఆయన అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు, మళ్ళీ తెరిచి నా వైపు తిరిగాడు.

"వస్తోందా?"

"లేదు."

"సరిగ్గా చూడు."

"లేదన్నానుగా" అన్నాను.

ఆయన ముందు సీటు వీపు వైపు తిరిగాడు.

"మీ అక్క ఉన్నా లేదంటుంది. షెడ్డుకొచ్చేవాళ్ళు నా నోటికి జడిసి లేదంటారు. నీకు నేనంటే గిట్టదు. ఉంటే ఉందనే అంటావు, నన్ను మళ్ళీ ఈ సీటు కింద దూర్చడానికైనా."

అవును అన్నాను. ముప్ఫై ఏళ్ళు అందర్నీ దూరం చేసుకున్న మనిషి, చివరికి నమ్మడానికి తనంటే పడని మనిషినే వెతుక్కున్నాడు. అది నేనైనందుకు నాకు సంతోషం కలగలేదు.

ఆస్పత్రి పని నిలబడింది. టీచరమ్మ ఎక్కి, తల దిండుకి ఆనించి, ఫ్లైఓవర్ మీద నిద్రపోయింది. ఆవిడ కొడుకుని మాత్రం నేను బండి చుట్టుపక్కలకి సిగరెట్‌తో రానివ్వను. నా నోరు మా బావ నోటిలా ఉందని వాడు ఎవరితోనో అన్నాడట.

ఇప్పటికీ ఆయన్ని ముక్కు మేస్త్రి అనే పిలుస్తారు. నేను ఎవరికీ చెప్పలేదు. పెట్రోలు పని ఏదైనా పూర్తయితే నాకు ఫోను వస్తుంది. నమస్కారం ఉండదు, బాగున్నావా ఉండదు. వచ్చి చావు అంటాడు. నేను వెళ్ళి వెనక సీట్లో కూర్చుంటాను. మొహమొహాలు చూసుకోం. నాకు ఇప్పటికీ ఆయనంటే పడదు, పడకపోవడమే నా ఉద్యోగం అయిపోయింది.

మొన్న సాయంత్రం కూడా పిలిచాడు. ఎవరిదో పెద్ద బండి. పొద్దుటి నుంచి దాని కిందే ఉన్నాడట, నిలబడలేక తలుపు పట్టుకుని ఉన్నాడు. ఆయన వెనక అక్క క్యారియర్ పట్టుకుని నిలబడింది. నేను సీట్లో కూర్చుని పీల్చాను. ఉందా లేదా అన్నట్టు, చాలా సన్నగా, ఒక్కసారి తగిలింది. రోడ్డు మీదకి వెళ్ళి నాలుగు ఊపిర్లు తీసుకుని వచ్చి మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ తగిలింది. ఆయన భుజం మీదుగా అక్క నా వైపే చూస్తోంది. లేదని చెప్పవే అని కళ్ళతోనే బతిమాలుతోంది.

"వస్తోంది" అన్నాను.

మా బావ నన్నూ నా పుట్టుకనీ కలిపి తిట్టి, పానా అందుకుని, సీటు మెత్త ఎత్తాడు.